పడవనిచ్చి తెప్ప పుచ్చుకొందుమా?

"ఓడలు బళ్ళగును, బళ్ళు ఓడలగును" అని మనవారి సామెత. కలిమిలేములు కుదురుగా ఉండవని చెప్పడానికే నేడు దీనిని వాడుతున్నాము గాని, దీని వెనుక ఉన్నది అచ్చమైన రేవు వ్యవహారం. ఓడకు కావలసిన దూలాలు, కొయ్యలు బండిమీద రేవుకు వస్తాయి. ఆ బండి ఏరు దాటవలసి వస్తే తానే పడవ ఎక్కుతుంది. దీనికి తోడు మరొక సామెత ఉన్నది: "ఏరు దాటి తెప్ప తగలేసినట్లు." మొదటి సామెత మార్పు సహజమని చెబుతుంది. మార్పు జరిగిన తరువాత పాతదానిని మనం ఏమి చేస్తామని రెండవది అడుగుతుంది. నేడు చదువరుల ముందుంచదలచిన విషయం ఈ రెండు సామెతల నడుమ ఉన్నది.

దీనికి నిమిత్తమైనది ఒక చిన్న సంశయం. పంజగుట్టలో నివసించే విశ్రాంత ఇంజనీరు ఒకరు నాకు చిరకాల మిత్రులు, స్వస్థలం కాకినాడ ప్రాంతం. హుసేన్ సాగర్‌లో నడుపుకొనడానికి ఆయనకు ఒక చిన్న తెరచాప పడవ ఉన్నది. దానిని మార్చి, తెరచాప అమర్చిన కయాక్ ఒకటి తీసుకోవాలా అని ఆయన ఆలోచన. "మాస్టారూ, మీరు పుస్తకాలు చూసి చెప్పండి" అన్నారు, హాస్యానికే. పడవ నడపడం నాకు రాదు. అయినా ఆ ప్రశ్నను పట్టుకొని వెనక్కి నడిస్తే మన తీరం రెండువేల యేండ్ల పొడవునా ఇదే ప్రశ్నను వేసుకొంటూ వచ్చినదని తోచింది.

ముందుగా ఈ రెండు సాధనాల స్వరూపం తెలుసుకొందాము.

మిత్రుని పడవ ఎంటర్‌ప్రైజ్ తరహాది. 1956లో జాక్ హోల్ట్ అనే ఆంగ్లేయుడు దీనికి రూపకల్పన చేసినాడు. పొడవు సుమారు 4 మీటర్లు, చాపలూ కొయ్యా కాక ఒట్టి పడవ బరువే 90 కిలోలు దాటుతుంది. ఒక కొయ్యకు రెండు చాపలు: వెనుక పెద్దది, ముందు చిన్నది. కూర్చునేవారు ఇద్దరు. ఒకరు చుక్కానినీ పెద్ద చాపనూ చూసుకొంటే, రెండవవారు ముందు చాపను పట్టుకొని, గాలి ఒత్తిడికి పడవ ఒరిగినప్పుడు ఎదురుపక్కకు వంగి దానిని నిలబెట్టాలి. ఒక్కరే నడపలేరని కాదు గాని, గాలి హెచ్చినప్పుడు రెండవ మనిషి లేకపోవడం ప్రమాదం.

కయాక్ ఉత్తర ధ్రువప్రాంతపు ఇన్యూట్ జాతివారి సృష్టి. కొయ్యతోనో ఎముకతోనో చట్రం కట్టి, దానిపై సీలు చర్మం బిగించి, వేటగాని శరీరపు కొలతలకు సరిపోయేటట్లు చేసుకొనేవారు. నడుము వరకు అందులోకి దిగి కూర్చుంటే పడవ ఎక్కినట్లు గాక పడవను తొడుక్కొన్నట్లే ఉంటుంది. నేడు ప్లాస్టిక్‌తో పోతపోసినవి వస్తున్నాయి. వాటిలో ఒక రకానికి లోపలికి దిగే గొయ్యి ఉండదు. గాలి నింపుకొని మూసివేసిన బోలు దేహం మీద మనిషి కూర్చుంటాడు. కెరటం పైన పడితే ఆ నీరు అడుగున ఉన్న రంధ్రాలగుండా తనంతట తానే దిగిపోతుంది. దానికొక చిన్న కొయ్య, చిన్న చాప, పక్కకు పడిపోకుండా ఇరువైపులా తేలుడు బద్దలు తగిలిస్తే మిత్రుడు కోరుకొంటున్న సాధనం సిద్ధమవుతుంది. అమరిక అంతా కలిపి 30 నుంచి 50 కిలోల బరువు. గాలి ఉంటే చాప, లేకుంటే తెడ్డు.

ఈ వర్ణన వినగానే మన తీరంవాడెవడైనా "ఇది తెప్పే గదా" అంటాడు. నిజమే. మన తెప్ప తేలికపాటి దుంగలను పక్కపక్కన చేర్చి త్రాళ్లతో బిగించి కట్టినది. నీరు లోనికి వస్తుందన్న బెంగ దానికి లేదు, దుంగల సందుల్లోనుంచి వచ్చిన నీరు అటే పోతుంది. కెరటం తిరగవేసినా మునగదు. మనిషి నీటికి జానెడెత్తున, తడుస్తూ కూర్చుంటాడు. తెడ్డే నడుపుతుంది, తెడ్డే దారి తిప్పుతుంది, గాలి వాలుగా ఉన్నప్పుడు చాప లేస్తుంది. ఒడ్డుకు చేరిన తరువాత కట్లు విప్పి దుంగలను ఇసుకమీద ఆరబెడతారు, నానిన దుంగ బరువెక్కి తేలిక పోగొట్టుకొంటుంది గనుక. ఆంగ్లంలో కాటమరాన్ అన్న మాట తమిళుల కట్టుమరం నుంచి వెళ్ళినదే. కట్టిన మ్రాను అని అర్థం, తమిళపు మరం మన మ్రానుకు తోబుట్టువు. ఐరోపావారు ఆ పేరును తీసుకొనిపోయి రెండు దేహాల పడవకు పెట్టుకొన్నారు. మన కట్టుదుంగలకు మాత్రం తెప్ప అన్న పేరే నిలిచింది.

కనుక ప్రశ్న ఇట్లా మారింది: పడవనిచ్చి తెప్ప పుచ్చుకొందుమా?

మన నిఘంటువులలో నీటిమీది సాధనాలకు కొదవ లేదు. నావ, ఓడ, పడవ, దోనె, తెప్ప, పుట్టి అన్నవి నిత్యవ్యవహారంలోనివి. యానపాత్రం, తరణి, ఉడుపం అన్నవి సంస్కృతం నుంచి వచ్చినవి. ఉడుపమంటే తెప్ప. కాళిదాసు రఘువంశారంభంలో తన అల్పబుద్ధితో అంత గొప్ప వంశాన్ని వర్ణించబూనడం ఉడుపంతో సముద్రం దాటబోవడం వంటిదని వినయం చూపినాడు. మహాకవికి అసాధ్యానికి ఉపమానంగా తోచిన పని మన జాలరికి నిత్యకృత్యం. తెల్లవారుజామున తెప్పమీద కెరటాలు దాటి వెళ్ళి, చేపతో తిరిగివచ్చి, గంజి త్రాగి పడుకొన్నవాడు తానొక ఉపమానాన్ని తలక్రిందులు చేసినానని ఎరుగడు.

భోజరాజు పేరు మీద వ్యాప్తిలో ఉన్న యుక్తికల్పతరువు అన్న గ్రంథం నావలను కొలతలతో సహా విభజించింది. సామాన్య నావలలో అతి చిన్నదానికి క్షుద్ర అని పేరు. దాని పొడవు 16 మూరలు, వెడల్పు 4, ఎత్తు 4. నేటి లెక్కలో 24 అడుగులు. మా మిత్రుని పడవ 13 అడుగుల పైచిలుకు, అంటే శాస్త్రకారుని క్షుద్రలో సగానికి కొంచెమే ఎక్కువ. కొలతల పొందిక చెడిన కొన్ని నావలు నీట నిలకడగా ఉండక అశుభమిస్తాయని కూడ ఆ గ్రంథం చెబుతుంది. సముద్రంపై నడిచే నావల పలకలను ఇనుముతో బిగించరాదని, నీటిలోని అయస్కాంతశిలలు లాగుతాయని హెచ్చరిస్తుంది. కారణం కల్పితమే కావచ్చు. కాని త్రాటితో కుట్టిన నావ మన తీరానికి సరిపోతుందన్న అనుభవం నిజమైనది.

ఎందుకు సరిపోతుంది? ఇక్కడే తీరపు స్వభావం తెలియాలి. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు మన తీరమంతా చాలవరకు తెరిచిన ఇసుకతీరం. సహజంగా ఏర్పడిన లోతైన రేవులు అరుదు. ఒడ్డున కెరటాలు వరుసలు వరుసలుగా విరుగుతాయి. లోతు కావలసిన ఓడ దూరాన లంగరు వేసి నిలువవలసిందే. సరకు దింపడానికి, ఎక్కించడానికి మేకులు లేకుండా కొబ్బరిపీచు త్రాటితో పలకలు కుట్టిన మసూలా పడవలు వెళ్ళేవి. కెరటం కొట్టినప్పుడు మేకు బిగించిన పలక విరిగితే, కుట్టిన పలక ఒదిగి మళ్ళీ కుదురుకొంటుంది. ఈ పేరును మచిలీపట్టణంతో ముడిపెట్టేవారున్నారు, ఒప్పుకొననివారూ ఉన్నారు. మసూలా పడవ కూడ సాహసించలేని కెరటాలలో చివరికి దిక్కు తెప్ప. కుంఫిణీ కాలంలో మద్రాసు తీరాన, నీరు చొరని తాటాకు కుళ్ళాయిలో ఉత్తరాలు పెట్టుకొని తెప్పవాడు ఓడ దగ్గరకు వెళ్ళివచ్చేవాడు. ఖండాంతరాలు దాటివచ్చిన మహానౌక చివరి మైలులో మూడు దుంగల మీది మనిషిని నమ్ముకొన్నది.

ఇది కుంఫిణీతో మొదలైన ఏర్పాటు కాదు. శాతవాహనుల నాణేలలో రెండు కొయ్యలు నిలిచిన ఓడ బొమ్మ ఉన్న సీసపు నాణేలు తూర్పు తీరంలో దొరికినాయి. పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి పేర్లతో అవి ప్రసిద్ధం. క్రీస్తు శకం 1వ శతాబ్దిలో ఒక గ్రీకు వర్తకుడు వ్రాసిన ఎరిథ్రియన్ సముద్ర యాత్రాగ్రంథం మసాలియా ప్రాంతపు సన్నని నూలుబట్టలను పేర్కొన్నది. ఆ గ్రంథమే తూర్పు తీరపు నావలను చెబుతూ, పెద్ద దుంగలను జతచేర్చి కట్టిన సంగర అనే వాటిని, దూరదేశాలకు పోయే మహానౌకలను వేర్వేరుగా పేర్కొన్నది. నాణెం మీద చోటు దొరికినది రెండు కొయ్యల ఓడకే. కట్టుదుంగలవాడిని గుర్తించినవాడు పరదేశి వర్తకుడు.

పెద్ద ఓడకు తీరమే పెద్ద గండం. దీనికి సాక్ష్యం మోటుపల్లి శాసనం. 1244లో కాకతీయ గణపతిదేవుడు ఆ రేవు వర్తకులకు అభయమిచ్చినాడు. అంతకు పూర్వపు రాజులు తుపానుకు దెబ్బతిని తమ తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడలలోని ఏనుగులను, గుర్రాలను, బంగారాన్ని, రత్నాలను బలవంతంగా లాగుకొనేవారని, తాను నియమితమైన సుంకం మాత్రమే తీసుకొంటానని చాటించినాడు. ప్రాణం కంటె ధనం గొప్పదని తెలిసి సముద్రంలోకి దిగే వర్తకునిపై దయ చూపడం ఆ శాసనపు సారాంశం. ఆ శతాబ్ది చివరలో మార్కో పోలో వర్ణించిన ముత్ఫిలి ఈ మోటుపల్లియే. ఆ తరువాతి రెడ్డిరాజుల కాలంలో శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చినాడు. ఆ కృత్యాదిలో కప్పలి, జోంగు వంటి ఓడల పేర్లు, ద్వీపాంతరాల నుంచి వచ్చిన సరకుల పేర్లు కనిపిస్తాయి. కర్పూరం, ఏనుగులు, గుర్రాలు అన్నీ అక్కడ ఉన్నాయి. వాటిని ఒడ్డు చేర్చినవారి పేర్లు మాత్రం కావ్యానికి ఎక్కలేదు.

నదీతీరాలది మరొక దారి. కృష్ణ, తుంగభద్రలలో రాళ్ళమధ్య సుడులలో పొడవైన పడవ తిరగదు. అందుకే అక్కడ గుండ్రని పుట్టి. 16వ శతాబ్దిలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వెదురు అల్లి తోలు కప్పిన ఈ బుట్టపడవలను వర్ణించినాడు. సముద్రంపై తెప్ప, రాతినదిలో పుట్టి, మందంగా పారే పాయలలో పడవ: ఏ నీటికి ఏది తగునో నీరే నిర్ణయించింది.

నీటి నిర్ణయం మారినప్పుడు ఏమవుతుందో కోరంగి చెబుతుంది. గోదావరి మొగ దగ్గర కోరంగి ఒకనాడు ఓడలు కట్టే పెద్ద రేవు. తాళ్లరేవు వడ్రంగుల పనితనానికి పేరు. 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు ఆ ఊరిని ముంచివేసినాయి. అంతకంటె మెల్లగా, అంతకంటె ఖచ్చితంగా గోదావరి తెచ్చిన ఒండ్రు రేవును పూడ్చింది. వ్యాపారం కాకినాడకు తరలింది. బర్మాకు వలసపోయిన తెలుగువారిని అక్కడ కోరంగీలని పిలిచేవారు. రేవు పోయింది, జనులకు దాని పేరు మిగిలింది. పెద్ద ఓడ మీద సర్వస్వం పెట్టినవారు ఒడ్డు కదిలితే ఏమీ చేయలేకపోయినారు.

ఇటువంటిదే కాలువల కథ. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన తరువాత గోదావరి కాలువలు సేద్యానికే గాక ప్రయాణానికీ దారులైనాయి. ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల వరుసలో కాకినాడ నుంచి మద్రాసు దాకా నీటిమీదనే వెళ్ళగలిగేవారు. రాదారి పడవలకు గాలి అనుకూలిస్తే చాప ఎత్తేవారు. లేకుంటే ఇద్దరో ముగ్గురో గట్టుమీద నడుస్తూ త్రాటితో లాగేవారు. ఆ నడకకు కాలువ గట్టుమీద ప్రత్యేకంగా దారి ఉండేది. రైలు వచ్చింది, ఆ పిమ్మట లారీ వచ్చింది. ప్రయాణం గంటలలో ముగిసింది. అది నష్టమని ఎవరూ అనలేరు. కాని త్రాడు లాగినవాడు రైలు ఎక్కి మరొక ఉద్యోగానికి పోలేదు. అతడు గట్టుమీదనే మిగిలినాడు.

ఇక్కడ నాకు ఒక సంగతి స్పష్టపడింది. ఒక నావను మార్చి మరొకటి పుచ్చుకొన్నప్పుడెల్లా వేగం, ఖర్చు, భద్రత అన్నవి లెక్కవేస్తాము. అవి వేయవలసినవే. కాని ప్రతి మార్పిడిలోను ఎవరో ఒకరు కొత్త నావలో చోటు లేక ఒడ్డున మిగిలిపోతారు. ఆ మనిషి ఎవరన్నది లెక్కలో చేరదు.

మన కాలంలో జరిగిన మార్పిడిని చూడండి. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత పథకాన్ని ఆరంభించింది. దేశవాళీ తెప్పలు, నావల స్థానంలో, ఇసుకతీరం మీదికే నేరుగా చేరగల ఇంజను పడవలను తయారుచేయడం దాని పనులలో ఒకటి. ఆ దశాబ్దిలోను, తరువాత కాలంలోను ఫైబరు పడవలు, వాటికి వెనుక తగిలించే మోటార్లు ఆంధ్ర తీరమంతటా వ్యాపించినాయి. తేలిక దుంగలు దొరకడం కష్టమైన చోట్ల జాలరులు మరొక ఉపాయం చేసినారు. తెప్ప ఆకారాన్నే ఫైబరుతో బోలుగా పోతపోయించి దానికి ఫైబరు తెప్ప అని పేరు పెట్టుకొన్నారు. విదేశాలలో వినోదానికి కనిపెట్టిన కయాక్ రూపానికి మన పల్లెకారులు, వాడబలిజలు బ్రతుకుతెరువు కోసం తమ దారిన తాము చేరుకొన్నారన్నమాట.

ఈ మార్పులో మేలు తక్కువ కాదు. మోటారు పడవ దూరం పోతుంది, తుపాను సూచన వినగానే వేగంగా తిరిగివస్తుంది. దుంగమీద తడిసి వణికిన తండ్రి తన కొడుకు పడవలో కూర్చోవడం చూసి సంతోషించినాడు. తెప్పను ఆదర్శీకరించడం ఒడ్డున కూర్చున్న మావంటి వారికి సులభం, దానిమీద ప్రాణం పెట్టినవానికి కాదు. అయితే గాలికి డబ్బు ఇవ్వనక్కరలేదు, చమురుకు ఇవ్వాలి. ఇంజనుకు అప్పు చేయాలి, అప్పిచ్చినవానికే చేప అమ్మాలి. గాలి నడకను, నీటి రంగును, నక్షత్రపు పొడుపును ఎరిగిన ముసలివాని మాట మోటారు చప్పుడులో వినబడలేదు. తెరచాపతో పాటు ఆ విద్య మడతపడిపోయింది. నేటికీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు తూర్పు తీరంలో వేట నిషేధం అమలులో ఉంటుంది. మోటారు లేని సంప్రదాయ నావలకు ఆ నిషేధం వర్తించదు. తెప్పను పూర్తిగా విడిచినవానికి ఆ రెండు నెలలూ సముద్రం మూసిన తలుపే.

రేవు సౌకర్యం లేని శ్రీకాకుళం పల్లెలనుంచి ఎందరో గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి ఇతరుల పడవలపై కూలికి చేరుతున్నారు. 2018 నవంబరులో అట్లా వెళ్ళినవారు పాకిస్తాన్ చేత చిక్కినారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు వద్ద విడుదలై ఇల్లు చేరినారు. 2025లో వచ్చిన తండేల్ చలనచిత్రానికి ఆధారం ఆ ఉదంతమే. పెద్ద పడవల యుగంలో ఒడ్డున మిగిలినవాడు ఎంత దూరం పోవలసి వచ్చిందో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

ఇక హైదరాబాదుకు వద్దాము. ఇక్కడ సముద్రం లేదు, ఉన్నది హుసేన్ సాగర్. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుసేన్ షా వలీ పర్యవేక్షణలో నిర్మించిన చెరువు. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు అన్నీ దానిలోకే చేరుతాయి. మా అమీర్‌పేట, పంజగుట్ట వీధులలో కురిసిన వాన కూడ చివరికి వెతుక్కొనేది ఆ చెరువునే. 2020 అక్టోబరులో నగరపు కాలనీలు మునిగినప్పుడు బళ్ళు తిరిగే వీధులలో సహాయకుల పడవలు తిరిగినాయి. మన సామెత కండ్లముందు అక్షరాలా జరిగింది.

చూడడానికి అమాయకంగా ఉండే ఈ చెరువు నావ విషయంలో పరాచికాలు సహించదు. 1990 మార్చి 10న ఏకశిలా బుద్ధవిగ్రహాన్ని మోసుకొనిపోతున్న బల్లకట్టు ఒరిగి, విగ్రహం నీటి అడుగుకు చేరింది, ప్రాణనష్టం జరిగింది. 1992 డిసెంబరు 1న గాని ఆ విగ్రహం పైకి వచ్చి పీఠమెక్కలేదు. బరువుకు, దానిని మోసే అడుగుకు పొందిక చెడరాదని యుక్తికల్పతరుకారుడు చెప్పిన మాట అయస్కాంతశిలల మాట వంటిది కాదు.

ఈ చెరువులో తెరచాప క్రీడ చిరకాలంగా ఉన్నది. సైనికుల ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ ఇక్కడివే. 2009లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఏర్పడి, పేదయిండ్ల పిల్లలకు కూడ ఈ విద్య నేర్పుతున్నది. పిల్లలు మొదట ఎక్కేది ఆప్టిమిస్ట్ అనే బుల్లిపడవ. 1947లో క్లార్క్ మిల్స్ రూపొందించిన ఆ పడవ పొడవు 2.3 మీటర్లు. సముద్రం ఎరుగని పిల్లలు చెరువులో గాలిని చదవడం నేర్చుకొంటున్నారు. తీరంలో మడతపడిన విద్య ఇక్కడ మరొక రూపంలో విప్పుకొంటున్నది.

ఇప్పుడు మిత్రుని ప్రశ్నకు సమాధానం చెప్పుకొనవచ్చును.

కయాక్ పక్షాన న్యాయం ఉన్నది. ఆయనకు అరువది ఆరు దాటినాయి, మోకాళ్ళు సహకరించవు. 90 కిలోల పడవను చెరువులోకి దించడానికి ఇద్దరి సాయం కావాలి. కయాక్ అయితే చిన్న చక్రాల మీద తానే లాగుకొనిపోగలరు, అపార్ట్‌మెంటు సెల్లారు గోడకు ఆనించి పెట్టుకొనగలరు, బండి నెత్తిన కట్టుకొని మరొక చెరువుకు తీసుకొనిపోగలరు. హైదరాబాదులో గాలి బలం వానాకాలపు తొలి నెలలలోనే, చలికాలంలో చాలనాళ్ళు చెరువు అద్దం వలె నిశ్చలంగా ఉంటుంది. అప్పుడు తెరచాప పడవ కదలదు, తెడ్డున్న కయాక్ కదులుతుంది. ఎదురుగాలిలో చిన్న చాప కయాక్ ఎక్కిరావడం కష్టం గాని, అప్పుడు చాప దించి తెడ్డు వేసుకొనవచ్చును. ఒంటరివానికి, వయసు మళ్ళినవానికి తెప్ప తగినదని మన తీరం ఏనాడో తేల్చింది.

పడవ పక్షాన ఉన్న న్యాయం ఒక్కటే, అది రెండవ పీట. ముందు చాప పట్టే ఆ స్థానంలో ఒకప్పుడు ఆయన కుమారుడు కూర్చునేవాడు. ఆ కుర్రవాడు అమీర్‌పేట శిక్షణాలయాలలో కంప్యూటరు భాషలు నేర్చి అమెరికా చేరినాడు. ఈ వీధులనుంచి అట్లా దేశాంతరం పోయినవారు వేలమంది, మైత్రీవనం చుట్టుపక్కల సందులు మన కాలపు మోటుపల్లి. ఆ పీట ఖాళీ అయినది గనుకనే ఒంటరివాని సాధనం మీదికి మిత్రుని మనసు పోయినదని నా అనుమానం. మోకాలి నొప్పి దానికి తోడైంది. ఈ మాట ఆయనతో అంటే కొంతసేపు మౌనంగా ఉండి, "కావచ్చు" అన్నారు.

విద్య అనేది ఎక్కువగా ఆ రెండవ పీట మీదనే చేతులు మారుతుంది. తెప్పమీద కూడ తండ్రి వెనుక కొడుకు కూర్చునేవాడు. చాప ఎప్పుడు వదలాలో, ఎప్పుడు బిగించాలో పుస్తకం చెప్పలేదు, పక్కనున్నవాని మోచేయి చెబుతుంది. ఒక్కపీట కయాక్ ఎంత గొప్పదైనా అందులో శిష్యునికి చోటు లేదు. నలువది యేండ్లు బడిపిల్లల నడుమ బ్రతికినవాణ్ణి గనుక నాకు ఈ చోటే ముఖ్యంగా కనబడితే చదువరులు మన్నించగలరు.

అందువలన నేను చెప్పినది ఇది. కయాక్ తీసుకొండి, కాని మార్పిడి చేయకండి. ఈ పడవ వెల దానిలో జమకట్టుకొంటే ఇది ఎవరి పెరటిలోనో బోర్లా పడి ఎండకు బీటలువారుతుంది. చెరువు దగ్గర నేర్చుకొంటున్న పిల్లలకు దీనిని అప్పగించండి. మొదటి వానాకాలం మీరే చుక్కాని దగ్గర కూర్చుని ముందు పీట మీద ఒక పిల్లవానినో పిల్లనో కూర్చోబెట్టుకొండి. ఆ తరువాత మీ స్థానం వారిది. కయాక్‌కు డబ్బు చాలకపోతే ఖరీదైన అమరికలు మానుకొని, తెడ్డుతో నడిచే సాదాదానితో మొదలుపెట్టండి, చాప తరువాత చేర్చుకొనవచ్చును. రెండూ కుదరక ఒక్కటే ఉంచుకొనవలసివస్తే పడవనే ఉంచి, మనిషిని వెదకండి. మనిషి దొరకడం కయాక్ దొరకడం కంటె కష్టమే. అయినా లక్షలమంది నివసించే ఈ పేటలలో గాలి అంటే ఇష్టపడే పిల్లవాడు ఒక్కడైనా లేకపోడు.

శాతవాహనుల నాణెం మీద ఓడ ఉన్నది గాని తెప్ప లేదు. మోటుపల్లి శాసనంలో వర్తకుడున్నాడు గాని సరకు మోసిన పడవవాడు లేడు. చరిత్ర వ్రాసేవారు పెద్దదానిని చూస్తారు, చిన్నదానిని వాడుకొంటారు. ఎవరికి వారు తమ యింటి మార్పిడులలోనైనా ఈ లోటు దిద్దుకొనవచ్చును. కొత్త పడవ ఎక్కేముందు పాతదానిలో ఎవరెవరు కూర్చున్నారో ఒక్కసారి లెక్కపెట్టుకొంటే చాలు. ఏరు దాటడం అందరికీ తప్పదు. దాటిన తరువాత తెప్పను తగలేయకుండా ఒడ్డున కట్టి ఉంచితే, వెనుక వచ్చేవారు దాటుతారు.

స్వస్తి.